రాజు గుర్రంలా దూకితే తప్పేంటి?

మొన్న ఎండాకాలం సెలవులకి ఊరెళ్ళినప్పుడు మా ఇంట్లో చిన్న గొడవ జరిగింది. మా నాన్నకి 78 ఏళ్ళు, మావాడికి 11. ఇద్దరూ వరండాలో చెస్ బోర్డు పెట్టుకుని కూర్చున్నారు, ఓ అరగంట బానే సాగింది, ఉన్నట్టుండి మావాడు "తాతయ్యా అది ఇల్లీగల్ మూవ్!" అని ఒకటే అరుపు. ఏంటా అని వెళ్ళి చూస్తే నాన్న రాజుని తీసి గుర్రం దూకినట్టు దూకించేసి, తాపీగా కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాడు.

"ఇల్లీగల్ ఏంట్రా, నేనేమన్నా ఎవడి స్థలమన్నా కబ్జా చేశానా? చెక్ పడకముందు రాజు ఒక్కసారి గుర్రం దూకు దూకొచ్చు. మా నాన్న నేర్పిన ఆట ఇది."

"అలాంటి రూల్ లేదు తాతయ్యా."

"మీ నాన్న పుట్టకముందు నుంచీ ఉంది."

మధ్యలో నన్ను లాగారు కదా, ఇంక నేనేం చెప్పినా ఒకడికి కోపం. క్యాస్లింగ్ (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరపడం) అయితే ఒప్పుకుంటావా నాన్నా అంటే "రెండు కాయలు ఒకే ఎత్తులో కదలడం ఏంటి, దొంగాట కాదూ?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. నిజంగానే ఆలోచిస్తే, ఒకేసారి రెండు కాయలు కదపడం వింతా, రాజు జీవితంలో ఒక్కసారి దూకడం వింతా? రెండూ ఒక్క సమస్యకే కదా మందు, మధ్యలో ఇరుక్కుపోయిన రాజుని త్వరగా భద్రంగా ఒక మూలకి చేర్చడం.

అదే వారంలో ఇంకోటి. మావాడి ఆన్‌లైన్ క్లాసులో కోచ్ గారు అన్నారట, పాతకాలం వాళ్ళ ఆటలు సరదాకి చూడండి గానీ నేర్చుకోడానికి కాదు, కంప్యూటర్ ఇంజిన్ పెడితే సగం ఎత్తులు బ్లండర్లే, అంటే ఘోరమైన తప్పులే అని. ఆయన్ని తప్పు పట్టను, పిల్లలకి రేటింగ్ పెరగాలి, తల్లిదండ్రులు ఫీజు కడుతున్నది దానికే. కానీ నాకెందుకో ఆ రెండు మాటలూ, తాతయ్యది ఇల్లీగల్ అనడం, 19వ శతాబ్దపు ఆటగాడు ఆండర్సన్ ది బ్లండర్ అనడం, ఒకే పొరపాటులా అనిపించాయి. ఇవాళ్టి రూలు పట్టుకుని నిన్నటి ఆటని కొలవడం. ఒక ఆటగాడి ఎత్తు ఎందుకలా ఉందో తెలియాలంటే వాడు ఏ రూల్స్ మధ్య పెరిగాడో ముందు చూడాలి అని నా వాదన. ఈ వాదనకి కన్నాలున్నాయి, అవీ చెప్తా.

ఎవరి ఊళ్ళో వాళ్ళ చెస్

మనలో చాలామందికి ఒక కథ తలలో ఉంటుంది, మనం కనిపెట్టాం, తెల్లవాళ్ళు మార్చారు, మార్చాక ప్రపంచమంతా ఒకటే చెస్ అయింది అని. చివరి ముక్క మాత్రం 19వ శతాబ్దంలో అస్సలు నిజం కాదు. యూరప్ లోనే ఊరికో పద్ధతి.

ఇంగ్లండ్ లో స్టేల్‌మేట్ తీసుకోండి. అవతలి రాజుకి చెక్ లేకుండా కదలడానికి గడి లేకుండా చేస్తే, అలా చేసినవాడే ఓడిపోయినట్టు లెక్క అక్కడ చాలాకాలం! గెలుపు చేతిలో పెట్టుకుని తెలివితక్కువగా ఆడినందుకు శిక్ష అన్నమాట. 1808లో పుస్తకం రాసిన జేకబ్ శారట్ అనే లండన్ ఆటగాడు పట్టుబట్టాక గానీ అక్కడ అది డ్రాగా మారలేదు. రూలు తప్పి కాయ కదిపితే శిక్షగా రాజుని కదపాలి అనే నిబంధన కూడా ఉండేది. అంటే మావాడు నాన్నని ఇల్లీగల్ అన్నాడు కదా, ఆ రోజుల్లో అయితే "సరే అయితే రాజునే కదుపుతా" అని నాన్న ఇంకోసారి దూకించేవాడేమో.

ఇటలీ వాళ్ళైతే మరీ మొండి. వాళ్ళ క్యాస్లింగ్ లో రాజునీ ఏనుగునీ మధ్యలో ఉన్న గడుల్లో తమకి నచ్చినచోట పెట్టుకోవచ్చు. ఆన్‌పాసాన్ లేదు, రెండు గడులు దూకి పక్కనుంచి జారుకున్న బంటుని కొట్టడానికి వీల్లేదు. ఇది 19వ శతాబ్దం చివర్లో గానీ పోలేదు. రోమ్ లో సెరఫీనో దుబ్వా అని పెద్ద ఆటగాడు ఆ పద్ధతిలోనే పెరిగాడు, 1862లో లండన్ టోర్నమెంట్ కి వచ్చి, అలవాటు లేని రూల్స్ తో ఆడి ఐదో స్థానంలో వచ్చాడు. ఆరో స్థానం ఎవరిదో తెలుసా, స్టైనిట్స్ ది, తర్వాత మొదటి వరల్డ్ ఛాంపియన్ అయినాయన. ఆ వెంటనే ఇద్దరికీ మ్యాచ్ జరిగితే స్టైనిట్సే గెలిచాడు, కానీ దుబ్వా మూడు ఆటలు కొట్టాడు. ఆ మూడూ, ఆ ఐదో స్థానం, నాకు రెట్టింపు విలువగా కనిపిస్తాయి. ఎడమచేత్తో రాసేవాణ్ణి కుడిచేత్తో పరీక్ష రాయించినట్టు కదా అది.

తెల్లకాయలే ముందు ఆడాలి అన్నది కూడా మనం ఆకాశం నుంచి దిగిన రూలు అనుకుంటాం. 1834లో లండన్ లో ఫ్రాన్స్ వాడు లా బూర్దొనే, ఐర్లండ్ వాడు మెక్‌డొనెల్ కలిసి 85 ఆటలు ఆడారు, వాటిలో నల్లకాయలు ముందు కదిలినవి కూడా ఉన్నాయి. 1880 ప్రాంతంలో అమెరికా వాళ్ళు ముందు ఆడేవాడికి తెల్లవే అని రాసుకున్నారు గానీ అప్పటిదాకా మాట్లాడుకుని ఆడటమే.

అన్నిటికన్నా నాకు నవ్వొచ్చేది బంటు సంగతి. 1862 నాటి బ్రిటిష్ నిబంధనల ప్రకారం చివరి వరసకి చేరిన బంటు మంత్రి కానక్కర్లేదు, ఏదీ కానక్కర్లేదు, ఇష్టమైతే బంటుగానే అక్కడ ఉండిపోవచ్చు. అంత దూరం నడిచి వెళ్ళి, ప్రమోషన్ వద్దులెండి సార్ అని చెప్పే గుమాస్తాలాగా. నవ్వులాట కాదు, దీన్ని స్టైనిట్స్ లాంటి మనిషి 1889లో తన పుస్తకంలో సమర్థించాడు, ఎందుకంటే కొన్ని పొజిషన్లలో కదలని చచ్చు బంటు ఉంటేనే స్టేల్‌మేట్ తో బయటపడొచ్చు. ఇప్పుడు నాన్న రూల్ చూడండి, బంటు ఏ వరుసలో చివరికి చేరితే ఆ గడి కాయే అవుతుంది, గుర్రం గడికి చేరితే గుర్రం, ఏనుగు గడికి చేరితే ఏనుగు. ఈ రెండిట్లో ఏది పిచ్చిది?

ఫిడే, అంటే అంతర్జాతీయ చెస్ సమాఖ్య, పుట్టింది 1924లో. దానికి ముందు "అసలు రూల్స్" అన్నమాటే కొంచెం బలహీనం. మా ఊరి అరుగు మీద ఆట తప్పయితే రోమ్ కాఫీ హోటల్లో ఆట కూడా తప్పే.

గడియారం లేదు, డ్రాకి విలువ లేదు

ఇప్పుడు బ్లండర్ల సంగతి. 1851 జూన్ 21న లండన్ లో ఆండర్సన్, కీసెరిట్స్కీ సరదాగా ఆడుకున్న ఆట, ఇమ్మోర్టల్ గేమ్ అంటారు కదా, అందులో ఆండర్సన్ ఒక శకటుని, రెండు ఏనుగుల్ని, ఆఖరికి మంత్రిని కూడా ఇచ్చేసి మిగిలిన చిన్న కాయలతో ఆట కట్టేశాడు. దాన్ని ఇంజిన్ లో పెడితే రెండువైపులా తప్పులు బోలెడు కనిపిస్తాయి, ఒప్పుకుంటా. కానీ అది టోర్నమెంట్ ఆట కాదు, మధ్యలో ఖాళీ దొరికితే ఆడుకున్నది. ఆండర్సన్ బ్రెస్లావ్ లో లెక్కల మాస్టారు, సెలవులొస్తే ఆడేవాడు. మన క్రికెటర్ సందులో పిల్లలతో ఆడిన షాట్ తీసుకుని టెక్నిక్ బాలేదు అన్నట్టుంది.

ఆ ఏడాది జరిగిన లండన్ టోర్నమెంట్ లో చెస్ గడియారమే లేదు. ఎంతసేపైనా ఆలోచించుకో. ఎలైజా విలియమ్స్ అనే ఆయన అంత నెమ్మదిగా ఆడి మూడో స్థానం ఆటల్లో ఇంగ్లండ్ లో పేరుమోసిన స్టాంటన్ ని ఓడించాడు, స్టాంటన్ దాని గురించి తర్వాత చాలాకాలం సణుగుతూనే ఉన్నాడు. 1857లో న్యూయార్క్ ఫైనల్లో పాల్సెన్ కొన్ని ఎత్తులకి గంట పైన తీసుకుంటే ఎదురుగా కూర్చున్న 20 ఏళ్ళ అమెరికా కుర్రాడు మార్ఫీ నిమిషాల్లో జవాబిచ్చేవాడు. 1861లో ఆండర్సన్, కోలిష్ మ్యాచ్ కి ఇసుక గడియారాలు పెట్టారు, రెండు గంటలకి 24 ఎత్తులు. ఇద్దరికీ జంట గడియారం 1883 లండన్ లో వచ్చింది.

డ్రాలు ఇంకా ఘోరం. 1862 లండన్ లో డ్రా అయితే మళ్ళీ ఆడాలి. 1867 పారిస్ లో డ్రా అయితే ఇద్దరికీ సున్నా! (ఆ టోర్నమెంట్ గెలిచిన కోలిష్ తర్వాత చెస్ పక్కన పెట్టి బ్యాంకు పెట్టి కోట్లు గడించి బ్యారన్ అయ్యాడు, ఆటలో తెలివైనవాడు అంటే ఆయనే.) అర పాయింట్ కూడా రానప్పుడు ఎవడన్నా జాగ్రత్తగా కూర్చుని సమం చేసుకుంటాడా, దూకుతాడు. ఆ కాలం వాళ్ళది రొమాంటిక్ స్వభావం, వీరులు, త్యాగాలు అని కవిత్వం చెప్తారు గానీ నాకైతే స్వభావం కంటే పాయింట్ల పట్టికే ఎక్కువ కనిపిస్తుంది.

ఇలా రాసుకుంటూ వెళ్ళి మా ఫ్రెండ్ ఒకడికి ఫోన్ లో చదివి వినిపించా. వాడు స్టేట్ లెవెల్ ఆడినవాడు, పేరు చెప్తే తిడతాడు. వాడు విని, "నీ లాజిక్ నీకే అడ్డం తిరుగుతోంది రా. గడియారం లేకపోతే డిఫెన్స్ చేసేవాడికి కదా లాభం? ఎంతసేపైనా ఆలోచించి మంచి ఎత్తు పట్టుకోవచ్చు. మరి అందరూ ఎందుకు అటాక్ చేశారు?" అన్నాడు. నోరు పడిపోయింది. నిజమే, విలియమ్స్, పాల్సెన్ లాంటివాళ్ళు చేసింది అదే, డిఫెన్స్. మిగతావాళ్ళు చేయకపోవడానికి రూలు కారణం అని చెప్పలేను. కాఫీ హోటళ్ళలో ఆటకి షిల్లింగ్ పందెం వేసుకుని ఆడటం, చుట్టూ జనం మూగడం, ఎదుటివాడు ఇచ్చిన కాయ తీసుకోకపోతే పిరికివాడు అన్నట్టు చూడటం, ఇవి ఏ పుస్తకంలోనూ రాయని రూల్స్. పందెం కాబట్టి బలమైనవాడు కాయ తగ్గించుకుని ఆడేవాడు. మార్ఫీ న్యూ ఆర్లీన్స్ లో మామూలు ఆటగాళ్ళకి గుర్రాన్నో ఏనుగునో ఇచ్చి ఆడిన ఆటలు బోలెడున్నాయి. కాయ తక్కువతో మొదలెట్టినవాడు నింపాదిగా ఆడితే గెలవలేడు, గందరగోళం సృష్టించాల్సిందే. మా నాన్న కూడా నా చిన్నప్పుడు నాతో ఏనుగు తీసేసి ఆడేవాడు, అప్పుడు చూడాలి ఆయన ఆట, మొత్తం దొమ్మీయే. సమానంగా ఆడటం మొదలెట్టాక మాత్రం ముసలి తాబేలు.

ఫ్రెండ్ ఇంకో దెబ్బ కూడా కొట్టాడు. స్టైనిట్స్. 1862లో ఆయన కూడా ఆస్ట్రియన్ మార్ఫీ అనిపించుకున్న అటాకరే. 1873 వియన్నాకి వచ్చేసరికి మనిషి వేరు, చిన్నచిన్న లాభాలు కూడబెట్టుకుంటూ ఆడాడు, అక్కడ మొదలెట్టి 1882 దాకా ఆడిన సీరియస్ ఆటల్లో వరసగా 25 గెలిచాడు. "బోర్డు అదే, గడులు 64, వాడొక్కడే ఎందుకు మారాడు? బుర్ర పెట్టి ఆలోచించాడు కాబట్టి. అన్నీ రూల్స్ మీదకి తోసేస్తే మనిషికి ఏం మిగిల్చావు నువ్వు?" అన్నాడు. డ్రాకి అర పాయింట్ ఇవ్వడం ఆ మధ్యలోనే కదా మొదలైంది అని గొణిగా గానీ, గొణుగుడే. ఆ అర పాయింట్ అందరికీ వచ్చింది, అలా ఆలోచించింది ఆయనొక్కడే.

కలకత్తాలో మహేశ్ చంద్ర

ఇక్కడే నాకు మహేశ్ చంద్ర బెనర్జీ అక్కరకొస్తాడు. ఈయన గురించి మన తెలుగులో మాట్లాడుకోవడం నేనెక్కడా వినలేదు, చెస్ ఆడేవాళ్ళు ఆట మొదలెట్టే పద్ధతులకి కింగ్స్ ఇండియన్ అంటారు, నిమ్జో ఇండియన్ అంటారు, ఆ ఇండియన్ ఎవడ్రా అని మాత్రం అడగరు.

జాన్ కోక్రేన్ అని స్కాట్లండ్ బారిస్టర్, లండన్ లో పేరున్న ఆటగాడు, కలకత్తా వచ్చి ప్రాక్టీస్ పెట్టి దశాబ్దాలు అక్కడే ఉన్నాడు. మఫసిల్ లో, అంటే కలకత్తా బయటి ఊళ్ళలో, ఒక బ్రాహ్మణుడు ఉన్నాడు, ఇంతవరకూ ఎవరిచేతా ఓడలేదట అని క్లబ్బులో చెప్పుకుంటే, 1848 ప్రాంతంలో ఆయన్ని పట్టుకున్నారు. ఆయనే మహేశ్ చంద్ర. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఆడారు, ఎత్తులు రాసిపెట్టిన ఆటలే వందల్లో ఉన్నాయి. పేరు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా రాశారు, మొహేష్‌చందర్, మొహిషుందర్, కొన్నిచోట్ల ఉత్త బ్రాహ్మిన్. పాపం ఆ పేరు రూలు తప్పిన బంటులాగా ఎటుబడితే అటు కదిలింది.

మన పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే. క్యాస్లింగ్ లేదు. అలాంటి ఆటలో మధ్యకి గబగబా దూసుకెళ్ళడం కుదరదు, కాబట్టి బంట్లని ఒక్కో గడి జరిపి ముందు ఇల్లు కట్టుకుంటారు, గుర్రం ముందున్న బంటుని ఒక్క అడుగు వేయించి ఆ సందులోకి శకటుని దించి మూల నుంచి మూలకి గురిపెడతారు. ఈ అలవాటుతో పెరిగినవాడు యూరప్ రూల్స్ తో కూర్చుంటే, అవతలివాడు మధ్యంతా ఆక్రమించినా కంగారు పడడు, తీసుకో నాయనా తర్వాత చూసుకుందాం అంటాడు. ఆ రోజుల్లో లండన్, పారిస్ లలో ఇది మొదటి ఎత్తు నుంచే వెనకబడినట్టు లెక్క. దీన్నే 1920ల్లో టార్టకోవర్ లాంటివాళ్ళు ఇండియన్ డిఫెన్స్ అని బాగా ప్రచారంలో పెట్టారు, గ్రున్‌ఫెల్డ్ తన పేరు పడ్డ డిఫెన్స్ 1922లో ఆడాడు. మహేశ్ చంద్ర అదే గ్రున్‌ఫెల్డ్ ని 1855లో కోక్రేన్ మీద ఆడేశాడు.

ఇదిగో రూలే మనిషిని తయారుచేస్తుంది అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది అని నేను సంబరపడిపోయా. అప్పుడే ఆ 1855 ఆట బోర్డు మీద పెట్టుకుని చూస్తే సంబరం కొంచెం దిగింది. ఎందుకంటే మూడో ఎత్తులో మహేశ్ చంద్ర మంత్రి ముందున్న బంటుని రెండు గడులు దూకించాడు! మన పద్ధతిలో లేని దూకుడు అది. ఐదో ఎత్తులో క్యాస్లింగ్. అంటే నాన్న దొంగాట అన్నదాన్నే ఈయన హాయిగా వాడుకున్నాడు. కేవలం పాత అలవాటే అయితే ఆ బంటు ఒక్క గడి కదలాలి కదా. ఇండియా శకటు, యూరప్ బంటు, రెండూ ఒకే ఆటలో. రూలు మనిషిని తయారుచేసింది అనేకంటే, రెండు రూల్స్ తెలిసినవాడికి ఒక్క రూలే తెలిసినవాడికి కనపడనిది కనపడింది అనాలేమో. మా ఫ్రెండ్ అడిగిన "మనిషికి ఏం మిగిల్చావు" అన్నదానికి నా దగ్గరున్న జవాబు ఇదొక్కటే. మన పద్ధతిలో ఆడినవాళ్ళు ఊరికి పదిమంది, మహేశ్ చంద్ర ఒక్కడు.

ఆ మాటకొస్తే రెండు పద్ధతులూ తెలిసినవాళ్ళు ఆయనకి ముందే ఉన్నారు. 1814లోనే బొంబాయిలో తిరువెంగడాచార్య శాస్త్రి గారు సంస్కృతంలో కూర్చిన చదరంగం సమస్యల పుస్తకం ఇంగ్లీషులో అచ్చయింది, యూరప్ పద్ధతికి సరిపడేలా అని దాని అట్ట మీదే ఉంది. తిరువెంగడాచార్య అనగానే మనవైపు మనిషే అని ఎగిరి గంతేశా గానీ, పేరుని బట్టి ఊరు తేల్చేస్తే నేనూ ఆ కోచ్ గారూ ఒకటే అవుతాం.

ఇంకో సంగతి, కోక్రేన్ కూడా ఊరికే కూర్చోలేదు. పెట్రోఫ్ అనే ఓపెనింగ్ లో నాలుగో ఎత్తుకే గుర్రాన్ని బలిచ్చే కోక్రేన్ గాంబిట్ ఉంది చూడండి, అది ఆయన కలకత్తాలో మహేశ్ చంద్ర మీద 1848లో ఆడినదే. అంటే ఆ ఇద్దరూ ఒకరినొకరు సానబెట్టుకున్నారు. దొరగారు నేర్పారు, మనవాడు నేర్చుకున్నాడు అనో, మనవాడే అన్నీ కనిపెట్టాడు దొర కొట్టేశాడు అనో రాయడం సులువు, రెండూ వాట్సాప్ లో బాగా తిరుగుతాయి కూడా. ఆటలు చూస్తే మాత్రం, ఎక్కువ గెలిచింది కోక్రేనే, అయినా మళ్ళీ మళ్ళీ ఆ ఎదురుగా కూర్చోవాలని ఆయనకి అనిపించింది.

వరండాలో

ఊరి నుంచి బయల్దేరే ముందురోజు సాయంత్రం ఆ 1855 ఆటని మావాడి చేత నాన్న ముందు పెట్టించా. నల్లకాయలు మనవాళ్ళవి నాన్నా అని చెప్పా. నాన్న కళ్ళజోడు సర్దుకుని ఒక్కో ఎత్తూ చూశాడు. పద్దెనిమిదో ఎత్తులో కోక్రేన్ గుర్రం రాజు పక్కనే వచ్చి దిగింది. మహేశ్ చంద్ర తన గుర్రాన్ని అంచుకి పంపి అవతలి మంత్రి మీద గురిపెట్టాడు. నాన్న "అయ్యయ్యో, అటెందుకు పోయింది" అన్నాడు, ఇంకా మావాడు తర్వాతి కాయ ముట్టుకోలేదు. అక్కడి నుంచి మూడు ఎత్తులు, గుర్రంతో డబుల్ చెక్, మంత్రి బలి, సొంత కాయల మధ్య ఊపిరాడక రాజు ఆట కట్టు. అవును, మనం గర్వంగా చెప్పుకునే మొదటి గ్రున్‌ఫెల్డ్ లో మనవాడు ఓడిపోయాడు, అదీ స్మదర్డ్ మేట్ తో.

మావాడు ఫోన్ తీసి ఇంజిన్ లో చూశాడు. తాతయ్య అయ్యయ్యో అన్న ఎత్తు పక్కన రెండు ఎర్ర ప్రశ్నార్థకాలు, అంటే బ్లండర్ అని. వాడు ఫోన్ కేసి ఓసారి, నాన్న కేసి ఓసారి చూసి ఏమీ అనలేదు.

నాన్న మాత్రం కాయలన్నీ వెనక్కి తెప్పించాడు, మూడో ఎత్తు దాకా. "ఈ బంటు రెండు గడులు ఎందుకు దూకింది?"

"దూకొచ్చు తాతయ్యా, రూలే. తెల్లవాడివీ రెండు దూకాయి చూడు."

"వాడి సంగతి నాకెందుకు, వాడి బంట్లు వాడిష్టం. నా బంటు నేను ఒక్క గడే జరుపుతా, అది తప్పు కాదుగా?"

మావాడు కాసేపు ఆలోచించాడు. కాదు, ఒక్క గడి జరపడం ఏ రూల్ ప్రకారమూ తప్పు కాదు. నాన్న బంటుని ఒక్క గడి జరిపి, శకటుకి దారి ఉందో లేదో వేలితో మూల దాకా గీసి చూసుకున్నాడు.

"నాన్నా," అన్నాడు మావాడు నాతో, మెల్లగా, తాతయ్యకి వినపడకుండా, "ఇది కింగ్స్ ఇండియన్ అయిపోయింది."

"నువ్వేం ఆడతావో ఆడు ముందు," అన్నాడు నాన్న. ఆయనకి వినపడింది.